నాప్‌కిన్ మీద ఆర్గానిక్ కెమిస్ట్రీ

ఒహాయోలోని ఆ కాలేజీలో డెంటల్ స్కూలు మీద ఆశపడే కొత్తవాళ్లంతా ముందు ఏళ్ల తరబడి అక్కడే చదువుతున్న వెండెల్‌నే వెతుక్కుంటూ వస్తారు. క్యాంటీన్ మూల బల్ల దగ్గర, పళ్లకు చేటని తెలిసీ ఐసు ముక్కలు నములుతూ, ఏ టర్ములో ఏ కెమిస్ట్రీ చదవాలో కాగితం నాప్‌కిన్ మీద రంగుల పెన్నులతో గీసిస్తాడు. "ఆర్గానిక్ పాసవ్వందే డెంటల్ సీటు రాదు, దాన్ని మాత్రం వాయిదా వెయ్యకండి. నన్ను చూసి బుద్ధి తెచ్చుకోండి," అని తనే ముందు నవ్వుతాడు. ఏటా ఆ క్లాసులో చేరడం, మార్కులు పడకముందే పేరు తీయించుకోవడం అతనికి అలవాటు మరి. ఈసారి పారిపోనని ఒట్టేసుకుని ల్యాబులో అడుగుపెట్టాడు. అక్కడ ల్యాబు రక్షణ కళ్లద్దాలు పంచుతున్న ఆఖరి ఏడాది విద్యార్థిని ఇమోజెన్, మూడేళ్ల కిందట అతని దగ్గర నాప్‌కిన్ పట్టుకెళ్లిన పిల్లే. "నువ్వు గీసిచ్చినట్టే చదివా, వెండెల్. డెంటల్ సీటొచ్చింది!" అంది. వెండెల్ కళ్లద్దాలు అందుకుని, గొంతు తగ్గించి అడిగాడు. "ఆ నాప్‌కిన్ ఇంకా ఉందా? ఉంటే ఓసారి నాకివ్వవా?"