పాటకు ముందు ఖాళీ గాడి

పాత పాటల్ని కొత్తగా అచ్చుపోసి అమ్మే ఎల్పీ రికార్డులంటే నాకు పిచ్చి. అట్ట మీద అన్నీ గొప్పలే రాస్తారు. తీరా సూది పెడితే పోపులో ఆవాల్లా చిటపటలు! అందుకే కొత్తది రాగానే పాట వినను. చెరకు ట్రాక్టర్లు లేపే దుమ్ము పడకుండా కిటికీలు మూసి, పాటకు ముందుండే ఖాళీ గాడిలో సూది దించి, వాల్యూమ్ పెంచుతాను. పాట అందుకునేలోగా ఎత్తేస్తాను. అచ్చు మంచీచెడూ అక్కడే తెలిసిపోతాయి.

మొన్న వచ్చినదాంట్లో చిన్న చిటుకు కూడా లేదు. నమ్మలేక మళ్లీ మళ్లీ దించి చూస్తున్నాను. ఇంతలో పక్కింటి పెద్దావిడ కూర గిన్నెతో వచ్చింది.

"ఏటి బాబూ, పళ్లెం తిరుగుతంది గానీ పాట రాదేటి? పాడైపోనాదా?"

"రికార్డు మంచిదో కాదో తెలియాలంటే ముందు నిశ్శబ్దం వినాలమ్మా," అన్నాను గర్వంగా.

ఆమె ఇల్లంతా ఓసారి కలయజూసింది.

"దానికి రికార్డెందుకు బాబూ? మీ ఆవిడ పోయినకాణ్ణించి ఈ ఇంట్లో ఇనబడతన్నది అదే కదా!"

నిన్నటి గిన్నె కోసం చెయ్యి చాపింది. నేను వెంటనే తేలేదు. కాసేపు కూర్చుంటుందేమోనని, వాల్యూమ్ తగ్గించి, ఈసారి సూది ఎత్తకుండా పాట రానిచ్చాను.