కోటేశ్వరమ్మ వంతు సూది

2001 జూన్‌లో నన్ను డిప్యుటేషన్ మీద గుంటూరులోని ఒక ట్రస్టు ఆస్పత్రికి లాబొరేటరీ ఇన్‌ఛార్జిగా పంపారు. అప్పటికి నేను మైక్రోబయాలజీలో అసోసియేట్ ప్రొఫెసర్ని. ఆ ఆస్పత్రిలో హెచ్ఐవి రోగుల మీద ఒక కొత్త వైద్యాన్ని పరీక్షిస్తున్నారు. దానికి ముఖ్య పరిశోధకుడు డాక్టర్ రఘురామ్, నా క్లాస్‌మేట్. ఇందులో రోగుల పేర్లూ అతని పేరూ మార్చాను. నా కడుపుమంటను మాత్రం ఉన్నదున్నట్టే ఉంచాను.

రఘురామ్ అంటే నాకు కుళ్ళు. ఎంబీబీఎస్‌లో నా నోట్సు పట్టుకెళ్ళి చదివి, నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న రోజు నుంచీ కుళ్ళే. అతను వార్డులోకి వస్తే రోగులు లేచి కూర్చుని దణ్ణం పెట్టేవారు. నేను వెళితే రక్తం తీయడానికి వచ్చానని చెయ్యి చాపేవారు. నేను వెళ్ళేదీ అందుకేననుకోండి, అయినా మండేది. అతను పైచదువు విదేశంలో చదివి వచ్చాడు, పొడుగ్గా ఉంటాడు, పైగా మంచివాడు. ఆ మంచితనమే నాకు అస్సలు మింగుడుపడేది కాదు.

ఆ పరీక్ష సంగతి కాస్త చెప్పాలి. హెచ్ఐవి వైరస్ మన రక్తంలోని సీడీ4 అనే రక్షణ కణాల్ని తినేస్తూ పోతుంది. మాత్రలు వైరస్‌ను అణిచి ఉంచుతాయి. మాత్రలతోపాటు, ఆ కణాల సంఖ్యను పెంచే సూదిమందు కూడా కలిపి ఇస్తే రోగి ఇంకా గట్టిపడతాడా అన్నది ప్రశ్న. అందుకని రోగుల్లో సగం మందికి మాత్రలు మాత్రమే, సగం మందికి మాత్రలూ సూదీ. ఎవరికి ఏది అన్నది డాక్టరు ఇష్టం కాదు, కంప్యూటర్ తీసే చీటీ. సూది వేయించుకున్నవాళ్ళకి చలిజ్వరం వస్తుంది, సూది పడినచోట చర్మం కింద గడ్డ కడుతుంది. కాబట్టి ఎవరికి పడిందో దాచడం కుదరదు. నెలనెలా అందరి రక్తంలోనూ సీడీ4 కణాలు లెక్కపెట్టడం నా పని.

ప్రత్తిపాడు నుంచి నాగేశ్వరరావు, కోటేశ్వరమ్మ అని ఒక జంట వచ్చేవారు. మిరప, పత్తి వేసే కుటుంబం. ఇద్దరికీ జబ్బు ఉంది, ఇద్దరూ పరీక్షలో చేరారు. చీటీలో భర్తకు మాత్రలు పడ్డాయి, భార్యకు మాత్రలూ సూదీ పడ్డాయి. మా జిల్లాలో సూది వేయని డాక్టర్ని డాక్టరనే అనరు. జ్వరమొచ్చినా, నడుము పట్టినా, ఏమీ లేకపోయినా ఒక సూది పడాల్సిందే. అలాంటి చోట ఇంటి యజమానికి గోళీలిచ్చి, ఆడమనిషికి ఫారిన్ సూదులిచ్చాం. చీటీ సంగతి చెప్పిన రోజు నాగేశ్వరరావు లాబ్ బయట బెంచీ మీద కూర్చుని, భార్య చేతిలోని సూదిమందు ఐసు ఫ్లాస్కు వంక చూసిన చూపు నేను గమనించాను. రఘురామ్ గది తలుపు మీది పేరు బోర్డు వంక నేనూ అలాగే చూసేవాణ్ణి.

మొదటి సూది మాత్రం ఆస్పత్రిలో వేసి, మిగతావి ఆ ఫ్లాస్కులో పెట్టి ఇంటికి పంపేవారు. వాళ్ళ ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు వేసేవాడు. రోగుల్ని పూటపూటా బస్సెక్కించడం ఎందుకని, ఆ ఏర్పాటు రఘురామే చేశాడు. అందుకు రోగులు అతన్ని దేవుడన్నారు. నాకు ఆ మాట కూడా పడలేదు.

నాలుగైదు నెలలు గడిచాయి. కోటేశ్వరమ్మకు జ్వరం రావడం లేదు, గడ్డలు కట్టడం లేదు. రఘురామ్‌కు ఆమె ముద్దుబిడ్డ అయిపోయింది. "ఈమె శరీరం మందుని ఎంత బాగా తట్టుకుంటోందో చూడండి" అని వచ్చిన ప్రతి పెద్దమనిషికీ చూపించేవాడు. ఆ తర్వాత అన్ని నెలల నా లెక్కలూ కలిపి అతని దగ్గరికి వెళ్ళాయి. సూది లేని భర్తకు కణాలు జోరుగా పెరిగాయి. సూది పడుతున్న భార్యకు మాత్రల వల్ల పెరిగే కాస్తే పెరిగింది.

సాయంత్రం మీటింగులో, నర్సులూ కౌన్సెలర్లూ అందరి ముందూ, రఘురామ్ మెత్తగా అన్నాడు: "మూర్తి గారూ, మీ లాబ్‌లో రక్తం గొట్టాలు తారుమారయ్యాయేమో ఒకసారి చూసుకోండి."

గారూ! ఇద్దరమే ఉంటే "ఏరా మూర్తీ" అనేవాడు. నలుగురిలో గారు తగిలించి మరీ నా పని తప్పన్నాడు. ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. లాబ్ తప్పని తేలితే ఆ రోజు దాకా మేమిచ్చిన లెక్కలన్నీ అనుమానమే, నా సర్వీసంతా అనుమానమే.

గొట్టం ఎవరిదో తేల్చడానికి సులువైన దారి ఒకటుంది. చేరిన రోజే అందరి బ్లడ్ గ్రూపూ చూసి ఉంచాం. నాగేశ్వరరావుది బి, కోటేశ్వరమ్మది ఓ. ఫ్రిజ్‌లో మిగిలిన రక్తానికి మళ్ళీ నేనే గ్రూపు కట్టాను. అతని పేరున్న గొట్టంలో బి, ఆమె పేరున్న గొట్టంలో ఓ. రక్తం సరిగ్గానే ఉంది, లెక్కా సరిగ్గానే ఉంది. మరి తారుమారైంది ఏమిటి?

మర్నాడు ఇద్దర్నీ పిలిపించి, టెక్నీషియన్‌ని పక్కకి జరగమని రక్తం నేనే తీశాను. కోటేశ్వరమ్మ చెయ్యి నున్నగా ఉంది. నాగేశ్వరరావు కుడిచెయ్యి చాపాడు. ఎడమచెయ్యి కావాలన్నాను. "ఆ చెయ్యి నొప్పండీ, పత్తికి మందు కొట్టీ కొట్టీ పట్టేసింది" అన్నాడు. చొక్కా చెయ్యి పైకి మడవమన్నాను. భుజం కింద చింతగింజలంత గడ్డలు వరసగా తేలాయి.

"ఎవరి సూదులయ్యా ఇవి?" అన్నాను.

అతను చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. ఇక దాచి ఏం లాభం అన్నట్టు గట్టిగా మాట్లాడాడు. "మగాడికి గోళీలూ, ఆడదానికి సూదులూనా అండీ? పొలం చేసేది నేను, అప్పులోళ్ళకి జవాబు చెప్పేది నేను. నేను పోతే ఇల్లేం నిలబడుద్ది? నాకే కళ్ళు కుట్టాయనుకోండి, ఏం చేస్తారు?"

అన్యాయంగా మాట్లాడుతున్నాడని తెలుస్తూనే ఉంది. అయినా ఆ చివరి మాట దగ్గర నాకు కోపం రాలేదు. నేను భార్య వైపు తిరిగి, అమ్మా, నీ మందు నువ్వెందుకిచ్చావని అడిగాను.

కోటేశ్వరమ్మ కొంగు భుజం చుట్టూ లాక్కుని అంది. "మొదటిరోజు నుంచే మొహం మాడ్చుకున్నారండీ. కంచం ముందు కూర్చోడం మానేశారు. గుంటూరూ లేదు గింటూరూ లేదు, ఇద్దరం ఇంట్లోనే పడి చద్దాం అన్నారు. నన్ను బస్సెక్కించేది ఆయనేగా. గోళీలు దొరికేది ఇక్కడేగా. ఆర్ఎంపీ గారు ఎవరు చెయ్యి చాపితే వాళ్ళకే వేస్తారు. సూది ఆయనకిచ్చేసి గోళీలు దక్కించుకున్నానండీ. నా గోళీలు మాత్రం ఆపించకండి, మీకు పుణ్యముంటుంది."

అదీ అసలు ముడి. ఒకరి మందు ఇంకొకరు వాడితే ఇద్దరినీ పరీక్షలోంచి తీసేయాలని నిబంధన. తీసేస్తే మాత్రలు ఆగుతాయి. ప్రభుత్వం మాత్రలు ఉచితంగా ఇవ్వడం అప్పటికింకా మొదలు కాలేదు. బయట కొనుక్కోవాలంటే వాళ్ళ తాహతు చాలదు. నా లాబ్ పరువు నిలవాలంటే నిజం చెప్పాలి, చెబితే ఆమె మాత్రలు పోతాయి.

తిన్నగా రఘురామ్ గదికి వెళ్ళి తలుపేశాను. అబద్ధమెందుకు, మెట్లెక్కుతున్నప్పుడు సంబరంగానే ఉంది. నీ ముద్దుబిడ్డకు జ్వరం ఎందుకు రాలేదో తెలుసా అని మొదలుపెట్టి, గడ్డల దాకా అంతా చెప్పాను. చివర్లో మాత్రం, ఆమె మాత్రలు ఆగకుండా ఏదైనా చెయ్యరా అన్నాను. ముఖం పాలిపోతుందని చూశాను. పాలిపోలేదు. "సూదులు ఇంటికి పంపింది నేను కదరా. తప్పు నాదే. కమిటీకి నేను చెప్పుకుంటాను, మాత్రలు ఆగనివ్వను" అన్నాడు.

చెప్పుకున్నాడు కూడా. రోగుల మేలు చూసే ఎథిక్స్ కమిటీ ముందు నిలబడి, ఏర్పాటు తనదేననీ, రోగులకు శిక్ష వేయకూడదనీ వాదించాడు. ఇద్దరి లెక్కలూ పరీక్షలోంచి తీసేసి, మాత్రలు మాత్రం పరీక్ష ముగిసేదాకా ఇవ్వడానికి ఒప్పించాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మీటింగులో లేచి, అందరి ముందూ నాకు క్షమాపణ చెప్పాడు. క్షమాపణ నాకు, చప్పట్లు ఆయనకు! "ఎంత పెద్దమనసో" అని నర్సమ్మలు వారం రోజులు చెప్పుకున్నారు. బ్లడ్ గ్రూపులు చూసింది ఎవరు, చొక్కా చెయ్యి మడిపించింది ఎవరు అని ఒక్కరూ అడగలేదు. కోటేశ్వరమ్మ కూడా ఆయన గదికే వెళ్ళి దణ్ణం పెట్టి వచ్చింది. నేను కారిడార్లోనే ఉన్నాను. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏమిటో ఆ వారం నాకు బాగా తెలిసింది.

కొన్నేళ్ళకు ఫలితం తేలింది. సూది వల్ల కణాల సంఖ్య పెరిగిన మాట నిజమే కానీ, రోగాలు తగ్గలేదు, ఆయుష్షు పెరగలేదు. మనిషిని నిలబెట్టింది మాత్రలే. అప్పటికి మాత్రలు ప్రభుత్వమే ఇస్తోంది. వాటికోసం ఆ జంట గుంటూరు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పే పని నాకే పడింది. నాగేశ్వరరావు నోరు వెళ్ళబెట్టాడు.

"అయితే ఆ జ్వరాలన్నీ నేను ఊరికే పడ్డానా అండీ?"

"ఊరికే ఎందుకు? నా వంతు జ్వరాలు కూడా మీరే పడ్డారు" అని నవ్వింది కోటేశ్వరమ్మ. ఆమె అలా నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

ఈ వ్యవహారం మాకు నేర్పింది ఒకటే. ఒకే కప్పు కింద ఉండే రోగుల్ని వేర్వేరు గ్రూపుల్లో పడేయకూడదు. ఇల్లంతటికీ కలిపి ఒకే చీటీ తీయాలి, సూదిమందును ఆస్పత్రి గడప దాటించకూడదు. ఓర్వలేనితనాన్ని కూడా మందు వికటించడంలాగే ముందే ఊహించి ఏర్పాటు చేసుకోవాలి. తర్వాత మొదలైన పరీక్షలో ఈ నియమాలన్నీ పెట్టారు. రాసిచ్చింది నేను. సభలో చదివింది రఘురామ్. గుంటూరులో ఇప్పటికీ వాటిని రఘురామ్ గారి రూల్స్ అంటారు.