సిలువ తీసిన సమాధి

1981లో నేను తిరుపతిలో లా విద్యార్థులకు రాజ్యాంగ చట్టం చెప్పేవాణ్ణి. కాలేజీ ప్రవేశాలు, కులం, వాటి మీద వచ్చిన తీర్పులు నా పరిశోధన విషయం. ఆ వ్యాసాల సంగతి తెలిసి, సీటు పోయినవాళ్లు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వచ్చేవారు.

కార్వేటినగరం దగ్గరి పల్లె నుంచి చెంగయ్య అలాగే వచ్చాడు. చెరుకు కొట్టే కూలి. కూతురు సుగుణకు ఎస్సీ కోటాలో మెడిసిన్ సీటు వచ్చింది. వీళ్లు క్రైస్తవులని ఎవరో అర్జీ పెడితే కుల ధ్రువపత్రం రద్దయి, సీటు ఆగిపోయింది. అప్పటి ఉత్తర్వుల ప్రకారం హిందువులకు, సిక్కులకు మాత్రమే ఎస్సీ హోదా. అర్జీకి ఆధారం చెంగయ్య భార్య సమాధి మీది సిలువ.

మతం మారారా అని అడిగాను.

"లేదు సార్. మా శ్మశానానికి పొయ్యే దోవను చెరుకుతోటలో కలిపేసినారు. శవాన్ని ఎత్తుకోని యాడికి పోయేది? పాస్టరయ్య వాళ్ల సమాధుల దిబ్బలో సోటిచ్చినాడు. ఆడ అందరికీ సిలువే. మేమూ నాటినాము."

నవ్వాడు. "హిందువులంటే గుడి బయట నిలబెడతారు, కిరస్తానమంటే కాలేజీ బయట. లోపలికి పొయ్యేదానికి ఏ మతం ఉండాది సార్?"

రిట్ వేశాం. అంటే ప్రభుత్వ నిర్ణయాన్ని నేరుగా హైకోర్టులో ప్రశ్నించడం. విచారణకు అధికారులు వస్తారని, సిలువ ఉంటే కేసు నిలవదని హైదరాబాదు వకీలు కబురు పెట్టాడు. ఆ మాట నేనే చెంగయ్యకు చెప్పాల్సి వచ్చింది.

"ఆమె బతికుంటే తనే పీకేసుండును" అన్నాడు.

సిలువ తీసేశాడు. వీళ్లు మాలలేనని, గుడిలోకి ఎన్నడూ రాలేదని ఊరి పెద్దలు సంతోషంగా సాక్ష్యమిచ్చారు. అధికారుల నివేదిక మాకు అనుకూలంగానే వెళ్లింది. కానీ కేసు విచారణకు వచ్చేసరికి చదువుల సంవత్సరం అయిపోయింది, సీటు మరొకరికి వెళ్లింది. పిటిషన్ 'ఇన్‌ఫ్రక్చువస్' అని ముగించారు. తీర్పు చెప్పినా ఇక ఫలితం లేదని దాని అర్థం. మరుసటి ఏడాది సుగుణ మార్కులకు సీటు రాలేదు.

కేసు ముగిసిన సంగతి చెప్పడానికి వాళ్ల పల్లెకు వెళ్లాను. చెంగయ్య సిలువను మళ్లీ నాటుదామని పోయాడట.

"వానలకు దిబ్బలన్నీ సదునైపోయినాయి సార్. ఆమె యాడుండాదో కానరాలేదు."

హక్కు ఉందా లేదా అని వాదించడం నాకు తెలుసు. అది చేతికొచ్చేలోపు మనిషి ఏమేమి వదులుకోవాలో కూడా రాయాలని తర్వాత చాలాసార్లు కూర్చున్నాను. ఆ పేరా దగ్గర ఉదహరించడానికి ఏ తీర్పూ దొరకలేదు.