ఉత్తరాల స్మిల్యా, పాటల పేచీ

మా పోస్టాఫీసులో ఉత్తరాలు పంచే స్మిల్యా ఎవరినీ కుశలం అడిగి ఎరగదు. మనిషి కనిపిస్తే చాలు, సైకిలు దిగకముందే, "ఏం వింటున్నావ్ ఇప్పుడు?" అంటుంది. మీరు ఏ పాట పేరు చెప్పినా సరే, అది బాగాలేదంటుంది. ఎందుకు బాగాలేదో విడమరిచి చెబుతుంది. ఆ తర్వాత అది ఎందుకు బాగుందో మీరు చెప్పాలి. ఇదంతా అయ్యాకే మీ ఉత్తరం మీ చేతికొస్తుంది.

తీసా నది ఒడ్డున ఉన్న మా చిన్న ఊళ్లో ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. ఆ పోస్టాఫీసుకి పెద్దని నేనే. కాబట్టి ఆవిడ మీద వచ్చే ఫిర్యాదులన్నీ చదివే భాగ్యం కూడా నాదే.

ఒకసారి పళ్ల డాక్టరుకి రిజిస్టరు ఉత్తరం ఇవ్వడానికి వెళ్లి, కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న మనిషిని అడిగిందట, ఏం వింటున్నావని. పాపం అతను "ఆ... ఆ..." అన్నాడు. "తెలిసింది, ఆ కొత్త కుర్రాడి పాటే కదూ. వాడూ అచ్చం ఇలాగే పాడతాడు" అంది. డాక్టరుకి నవ్వాగక మరో పన్ను గీరాడని ఆ ఫిర్యాదులో ఉంది.

మా చర్చి ఫాదరు గారు గొడవ తప్పించుకుందామని, "నేను ప్రార్థన గీతాలు తప్ప ఏమీ వినను తల్లీ" అన్నారు.

"అవే చెబుతున్నా ఫాదర్. మీ బృందంలో ఎడమవైపు చివర నిలబడే ఆయన ప్రతి చరణంలోనూ శ్రుతి దిగిపోతున్నాడు. దేవుడు మంచివాడు కాబట్టి వింటున్నాడు."

ఆ వచ్చే ఆదివారం ఎడమవైపు చివరి ఆయన జలుబని రాలేదు. పాట మాత్రం బాగుందని ఫాదరు గారే నాతో గుట్టుగా అన్నారు.

వీళ్లంతా నవ్వి ఊరుకునేవాళ్లు. మందుల షాపు అర్సెనియే గారు అలా కాదు. ఆయన ఒపెరా తప్ప మరొకటి వినడు. షాపులో దగ్గు మందు కొనాలన్నా మనం ఒపెరా వింటూ కొనాల్సిందే. ఒకరోజు స్మిల్యా ఉత్తరాల కట్ట బల్ల మీద పెట్టి, చెవి ఒగ్గి కాసేపు విని అడిగింది.

"ఆ పాడే అమ్మాయికి ఏమైందండీ?"

"క్షయ. చనిపోతోంది" అన్నాడాయన, కళ్లు మూసుకుని.

"ఇరవై నిమిషాల నుంచి చనిపోతూనే ఉంది. అంత ఊపిరి ఉన్న మనిషికి క్షయేమిటి? మందుల మనిషి మీరు, మీరే చెప్పండి."

అర్సెనియే గారు ఆ సాయంత్రమే మా మీది వాళ్లకి, నోవీ సాద్ నగరంలోని పెద్దాఫీసుకి, నాలుగు పేజీలు రాశాడు. రెండున్నర గంటల్లో తిరగాల్సిన వీధులు ఈవిడ నాలుగ్గంటలు పైగా తిరుగుతోందనీ, తన ఉత్తరాలు మధ్యాహ్నం దాటితే గాని అందడం లేదనీ, ఈవిణ్ని కౌంటరు వెనక్కి మార్చమనీ. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అదే నా బాధ.

ఇంకో బాధ కూడా ఉంది. అది ఎవరూ రాయని ఫిర్యాదు.

రైలు గేటు దగ్గర గ్వోజ్దెన్ అని రిటైరైన సిగ్నల్ మనిషి ఉన్నాడు. ఆ చలికాలం ఆయన భార్య మిలేవా పోయింది. ఆవిడకి తంబురిత్సా అనే తంతివాద్యం వాయించే బృందాల రికార్డులంటే పిచ్చి. ఆవిడ బతికున్న రోజుల్లో ఆ తంతుల మోత గేటు దాకా వినబడి, రైళ్లు నెమ్మదిగా వెళ్లేవని జనం చెప్పుకునేవాళ్లు. ఆవిడ పోయాక ఆ ఇల్లు మూగబోయింది. గ్వోజ్దెన్ తలుపు తీయడం మానేశాడు. పక్కింటివాళ్లు గుమ్మంలో పెట్టిన సూపు గిన్నెలోనే గడ్డకట్టేది.

అలాంటి ఇంటి ముందు సైకిలాపి మా స్మిల్యా ఏమని అరిచిందో తెలుసా? "గ్వోజ్దెన్ తాతా, మీ ఆవిడ రికార్డుల్లో తంబురిత్సా వాయించినతను ఉన్నాడే, అతను తంతులు మీటుతున్నాడా, కోడి ఈకలు పీకుతున్నాడా?"

ముసలాయన ఇంటి చెప్పులతోనే మంచులోకి వచ్చి, వీధి వీధంతా వినేలా తిట్టాడట. సంగతి తెలిసి నాకు తల కొట్టేసినట్టయింది. పిలిచి గట్టిగానే మందలించాను.

"భార్య పోయిన మనిషితో ఇలాగేనా మాట్లాడేది?"

"ఆ రికార్డు నిజంగానే బాగాలేదు సార్" అని సంచీ తగిలించుకుని వెళ్లిపోయింది. ఈవిడకి గుండె ఉండాల్సిన చోట రేడియో ఉందనుకున్నాను.

మార్చి నెలలో పెద్దాఫీసు నుంచి యెలిత్సా అనే ఇన్‌స్పెక్టరు వచ్చింది. చేతిలో గడియారం, చంకలో రాసుకునే అట్ట. "ఈరోజు ఆవిడతో పాటు నడుస్తాను. మీరూ రండి" అంది నాతో. స్మిల్యా సైకిలు నడిపించుకుంటూ మా ముందు నడిచింది. పది అడుగులు వేశామో లేదో, వెనక్కి తిరిగింది.

"మేడమ్, మీరేం వింటున్నారు ఇప్పుడు?"

"నేను డ్యూటీలో ఉన్నాను."

"సరే. డ్యూటీలో ఉన్నప్పుడు ఏం వింటారు?"

మూడో వీధి మలుపు దాకా ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంటూ నడిచింది. అక్కడ మాత్రం, కార్లో వాళ్లమ్మాయి పెట్టే దడదడ పాటలు వినక తప్పడం లేదని ఒప్పుకుంది. స్మిల్యా ఆవిడ ఫోన్లో ఒక పాట పెట్టించుకుని వింది.

"డప్పు బాగుంది. మిగతాది తీసేయమనండి."

"మిగతాదే బాగుంటుంది. మీరు సరిగ్గా వినలేదు" అంది ఇన్‌స్పెక్టరు, అప్పటిదాకా ఆ పాటని తిట్టుకున్న మనిషి. ఇద్దరూ వీధి మధ్యలో నిలబడి వాదించుకున్నారు. ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాలు ఎవరి పేర రాయాలో తోచక ఇన్‌స్పెక్టరు అట్ట మీద పెన్ను పెట్టి తీసేసింది.

అలా రైలు గేటు దాకా వచ్చాం. స్మిల్యా గ్వోజ్దెన్ ఇంటి ముందు ఆగి సైకిలు గంట కొట్టింది.

"ఈ ఇంటికి ఉత్తరం ఉందా?" అడిగింది ఇన్‌స్పెక్టరు.

"లేదండి."

"మరెందుకు ఆగారు?"

"నిన్నటి తగువు కొంచెం మిగిలిపోయింది."

ఇన్‌స్పెక్టరు గడియారం చూసి రాసుకుంది. నాకు మాత్రం ఇక స్మిల్యా కౌంటరు వెనక కూర్చోవడమే తరువాయి అనిపించింది.

అంతలో తలుపు తెరుచుకుంది. గ్వోజ్దెన్ బయటికొచ్చాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా. జుట్టు తడిపి దువ్వుకున్నాడు. చంకలో ఒక రికార్డు, చేతిలో ఓ కాగితం. ఆ కాగితంలో ఆయన చెప్పదలుచుకున్నవన్నీ ముందే రాసుకున్నాడు. డిసెంబరు తర్వాత ఆ మనిషిని నేను వెలుతురులో చూడడం అదే.

"వచ్చావా. నిన్న వేగం ఎక్కువన్నావ్. ఇదిగో, ఇదే పాట ఇంకో బృందం వాయించింది తీశాను. అటక మీదంతా వెతికాను. విని అప్పుడు మాట్లాడు" అన్నాడు.

లోపల రికార్డు పెట్టి, కిటికీ తెరిచి మళ్లీ బయటికొచ్చాడు. నలుగురం వాకిట్లో నిలబడి విన్నాం. అయిపోయాక స్మిల్యా పెదవి విరిచింది.

"ఇదీ అంతే. రేపు ఇంతకన్నా మంచిది ఉంటే చూపించు."

"ఉంది. లేదనుకున్నావా? మిలేవా మూడు వందల రికార్డులు దాచింది" అన్నాడు ముసలాయన, ఛాతీ విరుచుకుని.

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకుంది. "తాతగారూ, ఈవిడ మీద మీరేమైనా ఫిర్యాదు చేస్తారా?"

"చేస్తా. రాసుకో. శని, ఆదివారాలు రాదు. ఎందుకు రాదో అడుగు. ఆ రెండు రోజులూ నేను ఎవరితో మాట్లాడాలి?"

ఇన్‌స్పెక్టరు రాయలేదు. గేటు దాటి వచ్చాక స్మిల్యా సైకిలు తోసుకుంటూ సన్నగా ఏదో రాగం తీస్తోంది. ఇప్పుడు విన్న పాటే. ఒక్క సంగతి తప్పకుండా తీస్తోంది.

"ఈ పాట మీకు ముందే తెలుసా?" అడిగింది ఇన్‌స్పెక్టరు.

"చిన్నప్పటి నుంచీ. ప్రాణం నాకు."

"మరి ఆయనతో బాగాలేదన్నారు?"

"బాగుందన్నాననుకోండి, సంతోషం అని తలుపేసుకుంటాడు." అంతే చెప్పి పక్కింటి గంట కొట్టింది. అక్కడ ఉత్తరం ఉంది.

నేను వెనకబడ్డాను. ఇరవై రెండేళ్లుగా ఆవిడ ఆగే గేట్లన్నీ ఒక్కొక్కటీ కళ్ల ముందు తిరిగాయి. కొడుకు జైల్లో ఉన్న వడ్రంగి. నడుం విరిగి మంచాన ఉన్న టీచరమ్మ. పలకరించేవాళ్లు లేక వారపత్రికకి చందా కట్టిన బ్రహ్మచారి. ఆవిడ ఎక్కువసేపు పోట్లాడేది వీళ్లతోనే. నాకు ఇద్దరు పిల్లలూ, అరిచే భార్యా ఉన్నారు. నాతో స్మిల్యా ఎప్పుడూ అర నిమిషానికి మించి వాదించలేదు.

ఏప్రిల్‌లో పెద్దాఫీసు నుంచి కాగితం వచ్చింది. మా ఊరి వీధులకి పట్టే సమయం ఇకమీదట నాలుగుంబావు గంటలని అందులో ఉంది. మందుల షాపు ఉత్తరాలు ముందుగా ఇచ్చేయమని కూడా ఉంది. అర్సెనియే గారికి ఇప్పుడు ఎనిమిదింటికల్లా అందుతున్నాయి. ఆయన శాంతించాడు. ఆ కాగితం నేను అద్దం కట్టించి ఆఫీసు గోడకి తగిలించాను. పక్క ఊళ్ల పోస్టాఫీసుల వాళ్లు వస్తే, వాళ్లు అడక్కపోయినా చూపిస్తాను.

కానీ శని, ఆదివారాల సంగతి అలాగే ఉండిపోయింది. స్మిల్యాకీ ఇల్లూ వాకిలీ ఉన్నాయి. ఆలోచించి ఆలోచించి ఓ ఆదివారం నేనే వెళ్లాను. గ్వోజ్దెన్ వాకిట్లో నిలబడి, ధైర్యం తెచ్చుకుని, అకార్డియన్ ముందు తంబురిత్సా ఎందుకూ పనికిరాదన్నాను.

ఆయన నన్ను కిందా మీదా చూశాడు. లోపలికి పిలిచి, గసగసాల రొట్టె పెట్టి, వరసగా ఆరు రికార్డులు వినిపించాడు. నాకు తెలిసిన మాటలన్నీ రెండో రికార్డుకే అయిపోయాయి. ఆపైన తలూపుతూ కూర్చున్నాను.

వెళ్లేటప్పుడు గేటు దాకా వచ్చి భుజం తట్టాడు.

"పోస్టుమాస్టరూ, నీకు వాదించడం చేతకాదయ్యా. మీ స్మిల్యా అయితే ఈపాటికి నన్ను ఏడిపించేసేది. వచ్చే ఆదివారం కాస్త తయారై రా."

కోపం రావాల్సింది. రాలేదు. ఆయన మెచ్చుకున్నది మా ఆఫీసు మనిషినే కదా మరి.