ఇస్త్రీ మేస్త్రి చేసిన గంట

ఇస్త్రీ మేస్త్రికి తన నీడ మీద కూడా అనుమానమే. ఎవరైనా "మీ పని బాగుంది మేస్త్రీ" అంటే చాలు, ఏ చొక్కా కాలిందోనని మూటలన్నీ విప్పి వెతుకుతాడు.

ఆయన భార్యకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, గొంతు సన్నబడింది. ముందు గదిలో ఆయన ఇస్త్రీ బల్ల, వెనక గదిలో ఆమె మంచం. ఒకరోజు ఆమె మంచం మీంచి జారిపడి పిలిచింది. ఇస్త్రీపెట్టె ఆవిరి చప్పుడులో ఆయనకు వినపడలేదు. పని ముగించి వెళ్ళేసరికి ఆమె నేల మీద ఏడుస్తోంది. ఆ ముఖం గుర్తొస్తే ఆయనకు ముద్ద దిగడం లేదు. ఆమె మీట నొక్కితే ముందు గదిలో మోగే గంట ఒకటి కావాలి. అదీ తన చేత్తోనే చేయాలి. కొన్న గంట ఎప్పుడు మొండికేస్తుందో ఎవరికి తెలుసు?

సామాన్ల కొట్టతను బోర్డు, విడిభాగాలు, టంకం పెట్టే కడ్డీ ఇచ్చి, "ఈ మూడుకాళ్ళ ట్రాన్సిస్టర్ సుకుమారం మేస్త్రీ, ఎక్కువ వేడి చూపించకండి" అన్నాడు.

"వేడి గురించి నాకే చెబుతున్నావా? నా కాపురమే నిప్పుతో!"

మొదటి గంట మోగలేదు. రెండోదీ అంతే. మూడోసారి బోర్డు మీది రాగి గీతే పొరలా లేచి వచ్చింది.

"చచ్చు సరుకు అంటగట్టాడు. అందుకే ముందుగానే వేడి వేడి అంటూ సాకు సిద్ధం చేసుకున్నాడు, గుమ్మడికాయల దొంగ!" అని మండిపడ్డాడు. ఇంకో కొట్లో తెచ్చినవీ మూగవే అయ్యేసరికి, ఇద్దరూ కూడబలుక్కున్నారని తేల్చేశాడు. చివరికి భార్యనూ వదల్లేదు. "నువ్వుగానీ కదిలించావా?" అన్నాడు. ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది.

మర్నాడు బోర్డు పట్టుకుని ఆమె మంచం పక్కనే కూర్చున్నాడు. "నువ్వే సాక్షివి. నా తప్పేమైనా ఉందేమో చూడు."

కడ్డీ మొనను ట్రాన్సిస్టర్ కాలి మీద పెట్టి, భుజం బలమంతా వేసి అదిమాడు. పొగ లేచినా చెయ్యి తీయలేదు. ఆమె వంకర మూతితోనే ఫక్కున నవ్వింది.

"అదేమైనా తడి కాలరా అండీ? పట్టుబట్ట అనుకోండి. అద్ది, తియ్యండి."

ఇస్త్రీలో ముతకబట్టలు ఆయనవి, పట్టుబట్టలు ఎప్పుడూ ఆమెవే. అద్ది తీయడం ఆ కుడిచేతికే తెలుసు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తాను ఊరందరినీ దొంగల్ని చేశాడు. సిగ్గేసింది. కొత్త బోర్డు తీసి, ఆమె చెప్పినట్టే కడ్డీని ఆనించాడు. టంకం మెరుస్తూ పాకగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

గోడ వెంట తీగ లాగి, మీట ఆమె ఎడమచేతిలో పెట్టి, బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. మోగదేమోనని అప్పుడూ అనుమానమే.

గంట మోగింది. మేస్త్రి పరుగెత్తాడు. కాలు తగిలి గుమ్మం దగ్గరి చొక్కాల దొంతర కూలింది.

"ఏంటి? ఏం కావాలి?"

"ఏమీ వద్దు." ఆమె కళ్ళు నిండాయి. "ఆ రోజు విని కూడా రాలేదేమో అనుకున్నాను. ఇన్నాళ్ళూ అదే అనుమానం."

లోకాన్నంతా అనుమానించిన మనిషికి, తన మీద కూడా ఒకరికి అనుమానం ఉండొచ్చని ఎన్నడూ తోచలేదు. మంచం అంచున కూలబడ్డాడు.

"మరి ఇప్పుడో?" అన్నాడు భయంభయంగా.

ఆమె గుమ్మంవైపు చూసింది.

"ఇస్త్రీ చేసిన చొక్కాలు తొక్కుకుంటూ వచ్చారు కదండీ."