అరచేతి మీద ఆరని చుక్క

నూనె చుక్క అరచేతిలో రుద్దితే చాలు, అది నువ్వులదో ఇప్పదో, అందులో కల్తీ ఎంతో జగ్గమ్మ కళ్లు మూసుకుని చెప్పేది. పుట్టింది గానుగ ఇంట్లో. 1968లో పాతపట్నం దగ్గర వరికి పురుగు పట్టి, మందు చల్లే హెలికాప్టరు వచ్చినప్పుడు ఇంధనం డ్రమ్ములు ఆమెకే అప్పగించారు. మరిది ఎర్రన్నకూ ఆమే అక్కడ పని ఇప్పించింది.

డ్రమ్ములు రెండు రకాలు. చిన్న హెలికాప్టరుకు పచ్చరంగు పెట్రోలు. అప్పుడప్పుడు అధికారులను దింపిపోయే పెద్దదానికి కిరసనాయిలు లాంటిది.

"దీపం నూనెతోటి ఎగురుతాదా బాబూ?" అని అడిగింది జగ్గమ్మ.

పైలట్ నరసింగరావు నవ్వాడు. "దాదాపు అదే జగ్గమ్మా, కాకపోతే ఇంకా శుభ్రం. పెద్దదాని ఇంజను లోపల మంట ఆరకుండా మండుతూనే ఉంటుంది. నాదానికి మోటారుకారులాగా పెట్రోలే కావాలి. కిరసనాయిలు కలిసిందా, గాలిలోనే ఆగిపోతుంది."

ఆ మాటతో జగ్గమ్మ తనకు తానే ఒక పద్ధతి పెట్టుకుంది. డబ్బా డబ్బాకూ మెత్తటి తోలులో వడగట్టాలి, ఒక చుక్క అరచేతిలో వేసుకోవాలి. పెట్రోలైతే చల్లగా తగిలి ఆరిపోతుంది. కిరసనాయిలైతే జిడ్డు మిగులుతుంది.

మందు చల్లే తొలిరోజు రైతులు కొబ్బరికాయ కొట్టారు. జగ్గమ్మ డ్రమ్ములకు పసుపు రాసి వచ్చేసరికి ఎర్రన్న చిన్న హెలికాప్టరు టాంకులో ఒక డబ్బా పోసేశాడు. రెండో డబ్బాలో చుక్క తీసి ఆమె రుద్దుకుంది. ఆరలేదు.

"ఒరే, ఈ డ్రమ్ములో ఏటి పోసినావు?"

"సగం డ్రమ్ము పూజలో పెడితే ఏటి బాగుంటాది వదినా? ఎలితి కనబడకూడదని పక్కదాంట్లోంచి నింపినాను."

"ఓరి నీ భక్తి తగలెయ్యా!"

నరసింగరావు అప్పటికే లోపల కూర్చున్నాడు. ఆమె కొంగు దోపుకుని ఎదురుగా పరుగెత్తి, చేతులు అడ్డంగా చాచి నిలబడింది.

"ఏటే జగ్గమ్మా, సేను తినేస్తన్నాది పురుగు!" అని రైతులు కేకలేశారు.

"సేను మళ్లీ ఏసుకోవచ్చు. మడిసిని ఎక్కణ్ణించి తెత్తారు?"

నరసింగరావు దిగాడు. డ్రమ్మే తేడాగా వచ్చిందని చెబితే సరిపోయేది, ఎవరూ ఆరా తీయరు. ఆమె అలా అనలేదు. "మావోడే కలిపేసినాడు బాబూ. టాంకంతా దింపేయాల."

దింపారు. మంచి పెట్రోలుతో కడిగారు. కొత్త డ్రమ్ము విప్పి, చుక్క వేసుకుని, ఆరిన అరచేతిని ఆమె చాపింది. నరసింగరావు వేలితో తాకి చూసి తలూపాడు.

"మరి ఇతన్ని పంపించేయనా?"

"పంపితే ఇంకో సోట కలుపుతాడు బాబూ. నా కాడే ఉండనీ, నేర్సుకుంటాడు."

హెలికాప్టరు లేచి చేల మీదికి సాగింది. ఏ ఇంజనుకూ పనికిరాకుండా పోయిన ఆ డ్రమ్మును ఎర్రన్న ఒక్కడే మైదానం చివరికి దొర్లించుకుపోతున్నాడు. జగ్గమ్మ చెయ్యి వేయలేదు.