కుండ అక్కకి, మూత చెల్లికి

"ఇనప కుండ థాంక్‌ఫుల్‌కి రాయి. దాని మూత సబ్మిట్‌కి రాయి."

ఓబద్యా కలం ఆపాడు. "మూత లేని కుండతో థాంక్‌ఫుల్ ఏం చేసుకుంటుంది పెద్దమ్మా?"

"చెల్లెల్ని మూత అడుగుతుంది."

"అడక్కపోతే?"

"అడక్కపోతే, ఆదివారం వంట చెయ్యకూడదని శనివారం రాత్రే పొయ్యిలో పెట్టిన చిక్కుడు గింజల్లో బూడిద పడుతుంది. దాని మొగుడు ఒక ఆదివారం బూడిద తింటాడు, రెండో ఆదివారం తింటాడు. మూడో ఆదివారం వాడే పెళ్ళాన్ని చెల్లెలింటికి తరుముతాడు. నువ్వు రాయరా నాయనా, సిరా ఆరిపోతోంది."

హెఫ్సీబా ట్విచెల్ మూడు దిళ్ళకి ఆనుకుని, తెల్ల టోపీ చెవులదాకా లాక్కుని, చచ్చిపోవడానికి సిద్ధంగా కూర్చుని ఉంది. వేసవి చివర సముద్రపొడ్డున ఉప్పు గడ్డి కోతలప్పుడు పట్టిన దగ్గు ఆపిళ్ళ కోత అయిపోయినా వదల్లేదు. అందుకని మంచు పడేలోగా పోదామని ఆవిడ తీర్మానించుకుంది. నేల గడ్డకట్టాక పోతే గొయ్యి తవ్వేవాళ్ళు తిట్టుకుంటారట. ఆ వీలునామా రాయడానికి ఓబద్యాకి కబురు పెట్టింది.

ఓబద్యా పీపాలు చేస్తాడు. చదువు ఎవరూ చెప్పలేదు. మందిరంలో పాడే కీర్తనలన్నీ నోటికి వచ్చు గనక, పుస్తకంలో ఏ గుర్తు దగ్గర ఏ మాట పాడుతున్నారో వేలు పెట్టి చూసుకుంటూ తనంతట తనే అక్షరాలు పట్టేశాడు. అప్పట్నించీ ఊళ్ళో ఎవరికి వీలునామా కావాలన్నా అతనే. ఒక ముంత ఆపిల్ కల్లు పోస్తే చాలు. నిజానికి అదీ అక్కర్లేదు. పోయేముందు మనుషులు ఏం మాట్లాడతారో వినడమంటే అతనికి ఇష్టం. పాస్టరుగారితో పాపాలు చెప్పుకుంటారు. ఓబద్యాతో గరిటెల సంగతులు చెప్పుకుంటారు. గరిటెల సంగతుల్లోనే మనిషి బాగా తెలుస్తాడని అతని నమ్మకం.

హెఫ్సీబాకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది థాంక్‌ఫుల్, అంటే కృతజ్ఞత. చిన్నది సబ్మిట్, అంటే అణకువ. పేర్లు పెట్టేటప్పుడు తల్లిదండ్రులకి ఎన్నో ఆశలుంటాయి. మూడేళ్ళ కింద మందిరంలో కొత్త బల్లలు వేసి, ఎవరి పరువును బట్టి వాళ్ళకి చోటు పంచినప్పుడు, సంఘపెద్దలు సబ్మిట్‌ని ఆడవాళ్ళ వైపు రెండో బల్ల మీదా, అక్కగారిని సరిగ్గా దాని వెనక మూడో బల్ల మీదా కూర్చోబెట్టారు. సబ్మిట్ మొగుడికి రంపపు మిల్లులో వాటా ఉంది మరి. ఆ రోజు నుంచి అక్క చెల్లెలితో మాట్లాడలేదు. చెల్లెలూ బతిమాలలేదు. ఆదివారం పొద్దుటా మధ్యాహ్నమూ ప్రసంగం సాగినంతసేపూ అక్క చెల్లెలి మెడ మీద దగ్గుతుంది, చెల్లెలు తల మీది ముసుగు ఇంకా ఎత్తుగా చుట్టుకుంటుంది.

"నా శవపెట్టెకి చెరో పక్కన మొహాలు తిప్పుకుని నిలబడతార్రా," అంది హెఫ్సీబా. "నలుగురు ఆడపిల్లల్ని పాతిపెట్టాను. మిగిలిన ఈ ఇద్దరూ మాట్లాడుకోగా విని పోవాలని ఉంది. అంతే."

"నువ్వే చెప్పి చూడొచ్చుగా?"

"చెప్పాను. పాస్టరుగారూ చెప్పారు. ఇద్దరూ కళ్ళనీళ్ళు పెట్టుకుని, 'దానికి చెప్పండి' అన్నారు. మాటలతో పనికాదు. మా ఆయన పద్ధతే మంచిది."

మా ఆయన అంటే కీర్తిశేషుడు జెరుబ్బాబెలు. పోతూ పోతూ ఇల్లు కొడుక్కి రాసి, భార్యకి తూర్పు గది, సగం నేలమాళిగ, వంటింట్లోంచి బావికి నడిచే హక్కు, పొయ్యిలో రొట్టె కాల్చుకునే హక్కు రాశాడు. ఊళ్ళో అందరూ రాసేది అలాగే. కోడలు మర్సీ వంటింట్లోంచి హెఫ్సీబా బిందెతో వెళ్ళిన ప్రతిసారీ మొదట్లో ఇద్దరూ పిల్లుల్లా గుర్రుమనుకునేవాళ్ళు. బిందె రోజూ నిండాలి, రొట్టె రోజూ కాలాలి. గుర్రుమంటూ ఎంతకాలమని ఉంటారు? "జరుగమ్మా" తో మొదలై, "ఉప్పు తక్కువైందేమో చూడత్తా" దాకా వచ్చింది. ఇప్పుడు మర్సీ లేకపోతే హెఫ్సీబాకి తోచదు.

"ఆయన పిసినారితనంతో రాశాడు, నేను తెలివితో రాస్తున్నాను," అందావిడ. "పరుపు రాసుకో. ఈకలు థాంక్‌ఫుల్‌కి. గలీబు సబ్మిట్‌కి."

"పెద్దమ్మా!"

"వెన్న చిలికే పీపా సబ్మిట్‌కి, కవ్వం థాంక్‌ఫుల్‌కి. తోలు చేతితొడుగులు కుడిది దీనికి, ఎడమది దానికి. ఎర్ర లంగా ముందు భాగం పెద్దదానికి..."

"వెనక భాగం చిన్నదానికి," అన్నాడు ఓబద్యా, దారి అర్థమై.

"చూశావా, నువ్వూ రాయగలవు."

అందరి వీలునామాలూ మనిషి పోయాక విప్పుతారు. హెఫ్సీబా ఒప్పుకోలేదు. పోయాక చదివితే తమాషా ఎవరు చూస్తారు? తల్లి ఆఖరి ఘడియల్లో ఉందని కూతుళ్ళిద్దరికీ కబురు వెళ్ళింది. ఇద్దరూ రొప్పుతూ వచ్చారు. థాంక్‌ఫుల్ భారీ మనిషి, మంచానికి కుడి పక్కన ముక్కాలిపీట మీద కూలబడింది. సబ్మిట్ ఎండుచేపలా ఉంటుంది, ఎడమ పక్కన నిలబడింది. కాళ్ళ దగ్గర ఓబద్యా.

"ఓబద్యా," అంది సబ్మిట్, "అమ్మకి దగ్గు ఎక్కువైందా అని అటు కూర్చున్నావిణ్ణి అడుగు."

ఓబద్యా అటు తిరిగాడు. "అమ్మకి దగ్గు..."

"వినపడింది. ఓబద్యా, ఆవిడకి చెప్పు, మిల్లు వాటా ఉన్నవాళ్ళు వారానికోసారైనా వచ్చి చూసుంటే తెలిసేదని."

ఓబద్యా ఇటు తిరిగాడు. మెత్తగా మార్చి చెబుదామనుకున్నాడు. "నువ్వు వస్తే బాగుంటుందని మీ అక్క ముచ్చటపడుతోంది."

"నేనట్లా అన్లేదు!" అంది థాంక్‌ఫుల్.

"నాకూ చెవులున్నాయి!" అంది సబ్మిట్. "ఓబద్యా, ఆవిడకి చెప్పు, దగ్గు సంగతి నన్నడిగితే తెలుస్తుందని. మూడేళ్ళుగా నా మెడ మీదే కదా దగ్గుతోంది!"

అటూ ఇటూ తిరిగి ఓబద్యాకి మెడ పట్టేసింది. "చదువు," అని గద్దించింది హెఫ్సీబా. అతను గొంతు సవరించుకుని, దేవుడి కృపతో మొదలుపెట్టి, కుండా మూతా, ఈకలూ గలీబూ, పీపా కవ్వం, లంగా ముందూ వెనకా అన్నీ చదివాడు. చదువుతున్నకొద్దీ అక్కచెల్లెళ్ళ నోళ్ళు తెరుచుకున్నాయి. హెఫ్సీబా ఒక కన్ను మూసి, రెండో కంటితో చూస్తోంది. ఇక మాట్లాడతారు. ఇప్పుడు మాట్లాడతారు.

"ఓబద్యా," అంది థాంక్‌ఫుల్, "మూత నేను కమ్మరి దగ్గర చేయించుకుంటానని ఆవిడకి చెప్పు."

"ఓబద్యా, ఆ మూతలో నేను కోళ్ళకి నీళ్ళు పెట్టుకుంటానని ఆవిడకి చెప్పు."

"ఈకలు బస్తాలో పోసుకుంటానని చెప్పు. అన్నట్టు ఓబద్యా, నాకో చిలికే పీపా చేసిపెట్టు, కవ్వం ఎలాగూ వస్తోంది."

"నాకో కవ్వం చెయ్యి ఓబద్యా, పీపా ఎలాగూ వస్తోంది."

చేతిపని మనిషి కదా, "తెల్ల ఓక్ చెక్కతో చెయ్యనా, సీడార్ చెక్కతో చెయ్యనా?" అన్నాడు ఓబద్యా, అలవాటుగా.

"నీ పీపాలు తగలెయ్య!" అంది హెఫ్సీబా.

అని, దిళ్ళలోకి జారిపోయింది. దగ్గొచ్చింది. ఇందాకటి దగ్గు కాదు. వేళ్ళు దుప్పటి అంచుని పట్టుకుని నలుపుతున్నాయి. ఆవిడ భయపడుతోందని ఓబద్యాకి అర్థమైంది. చావుకి కాదు. ఆ ముసిలిదాని దగ్గర ఇంక పంచడానికి వస్తువుల్లేవు.

ఉంది, ఒకటి.

"ఓబద్యా," అంది కళ్ళు మూసుకునే. "మర్చిపోయాను. బైబిల్ రాసుకో."

ఆ బైబిల్ పాత దేశం నుంచి సముద్రం మీద ఓట్స్ పిండి పీపాలో దాక్కుని వచ్చింది. తాతలు దానికోసం జైలుకెళ్ళారు.

"పాత నిబంధన థాంక్‌ఫుల్‌కి. కొత్త నిబంధన సబ్మిట్‌కి. పాతది మలాకీతో అయిపోతుంది, అక్కడ కోసెయ్యి."

"దేంతో పెద్దమ్మా?" అన్నాడు ఓబద్యా.

"పీపా చెక్కలు చెక్కే కత్తి ఉందిగా."

థాంక్‌ఫుల్ లేచింది. ముక్కాలిపీట దొర్లింది. "నన్ను మలాకీ దగ్గర ఆపేస్తావా? రక్షకుడు పుట్టకముందే? నా గతేం కావాలమ్మా, బలులిచ్చుకుంటూ కూర్చోనా!"

"మరి నేను?" అంది సబ్మిట్. "పాత నిబంధనతో కీర్తనలన్నీ దానికే పోతే ఆదివారం అందరూ పాడుతుంటే నేను నోరు మూసుకుని కూచోవాలా? రెండో బల్ల మీద? అందరి ముందూనా?"

"దేవుడి మాటని కోస్తుందట!"

"కత్తితో కోస్తుందట! విన్నావా అక్కా?"

"వింటున్నానే! అమ్మకి మతి పోయిందే సబ్మిట్!"

ఓబద్యా ఆ మాట చేరెయ్యడానికి ఇటు తిరిగాడు. ఎవరూ అతన్ని చూడ్డం లేదు. మళ్ళీ అటు తిరిగాడు. మాటలు అతని మీదనుంచి దాటిపోతున్నాయి.

"మతి సరిగ్గా ఉండి రాస్తేనే చెల్లుతుందక్కా. పాస్టరుగారిని పిలుద్దాం పద."

"పాస్టరుగారా? మనల్నలా ముందూ వెనకా కూర్చోబెడుతుంటే చూస్తూ ఊరుకున్నాయన ఏం తేలుస్తాడు?"

"అది సంఘపెద్దల నిర్వాకంలే. వాళ్ళకెప్పుడుందీ మతి!"

"నెమ్మదే, అమ్మ వింటుంది. బయటికి రా."

బల్ల మీది బైబిల్‌ని కత్తికి అందకుండా ఇద్దరూ ఒకేసారి అందుకున్నారు. ఎవరూ వదల్లేదు. మొదటి అట్ట ఒకరు, వెనకట్ట ఒకరు పట్టుకుని, గుమ్మంలోంచి పక్కవాటుగా ఎండ్రకాయల్లా దూరి బయటపడ్డారు.

కాసేపటికి హెఫ్సీబా రెండు కళ్ళూ తెరిచింది. "ఏం చేస్తున్నార్రా?"

ఓబద్యా వాకిటి వైపు కిటికీ తలుపు సందులోంచి చూశాడు. "నీకు మతి పోయిందంటున్నారు పెద్దమ్మా."

"ఇద్దరూనా?"

"ఇద్దరూ."

"ఒకరితో ఒకరా?"

"ఒకరితో ఒకరే. నిన్ను ఎవరింటికి తీసుకెళ్ళి కాపలా కాయాలా అని వాదించుకుంటున్నారు. అక్క మా ఇంటికంటుంది, మీ ఇంట్లో గాలి కొడుతుందంటుంది చెల్లెలు." అతను ఇంకొంచెం వంగాడు. "ఇప్పుడు నీ గొడవ కాదు. సబ్మిట్ పన్ను చూపిస్తోంది. థాంక్‌ఫుల్ నోట్లోకి తొంగి చూస్తోంది. లవంగం పెట్టుకోమంటోంది. నీ మోకాలెలా ఉందక్కా అని ఇది అడుగుతోంది."

హెఫ్సీబా టోపీ అంచుతో కళ్ళు తుడుచుకుని, ముంతలో ఓబద్యా కోసం పోసిన ఆపిల్ కల్లు తనే తాగేసింది.

"మరి వీలునామా మార్చి రాయనా?" అన్నాడతను, కలమూ సిరాబుడ్డీ సర్దుకుంటూ. "కుండా మూతా ఒకరికే ఇచ్చేద్దామా?"

"నీకూ మతి పోయిందా? ఒక్క అక్షరం ముట్టుకోకు. బైబిల్ సంగతి రాశావా?"

"చెయ్యి రాలేదు పెద్దమ్మా."

"మంచిపని చేశావు. వెళ్ళు ఇంక."

ఓబద్యా టోపీ పెట్టుకుని వాకిలి వైపు నడిచాడు.

"అటెక్కడికిరా!" అని గుసగుసగానే అరిచింది హెఫ్సీబా. "నువ్వు కనబడితే మళ్ళీ 'ఓబద్యా, ఆవిడకి చెప్పు' అని మొదలెడతారు. ఆ వెనక కిటికీలోంచి దిగిపో నాయనా. కింద గుమ్మడికాయలున్నాయి, తొక్కకు. దిగేటప్పుడు దగ్గకు. వాళ్ళ మాటలు నాకు వినపడాలి, వెళ్ళేముందు ఈ వాకిటి వైపు కిటికీ తలుపు బార్లా తీసి వెళ్ళు."